చిప్ప తెరవకుండా

రాత్రి మూడింటికి నా కుడిచెయ్యి నన్ను లేపుతుంది.
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు,
ఉంగరపువేలులో సగం.
చిటికెనవేలు మాత్రం హాయిగా నిద్రపోతుంది,
పక్కింటి గొడవ తనది కానట్టు.

మంచం అంచున చెయ్యి వేలాడేసి విదిలిస్తాను,
తడిగుడ్డ దులిపినట్టు.
నాలుగింటికి షెడ్డులో లైట్లు వెలుగుతాయి.

తోంగ్‌యోంగ్ రేవులో ముప్ఫయ్యొక్క శీతాకాలాలు
నిలువుకాళ్ళ మీద ఆల్చిప్పలు ఒలిచాను.
కిలోకి ఇంతని కూలి.
లెక్క రాసే అబ్బాయి ఇవాళ నా గిన్నె తూచి
మళ్ళీ తూచాడు. ఏమీ అనలేదు.
వినపడింది.

రబ్బరు తొడుగుల కింద నూలు తొడుగులు,
వాటి కింద వేళ్ళున్నాయో లేవో
విప్పి చూసుకుంటేగాని తెలియదు.
మొన్న కత్తి కిందపడ్డ చప్పుడు విన్నాకే తెలిసింది
నేను పట్టుకోలేదని.

మా బల్ల దగ్గర అందరివీ ఇవే చేతులు.
కుమ్‌రే అక్క సూది వేయించుకుంది.
ఆ రాత్రే పసిపిల్లలా నిద్రపోయిందట.
కిమ్చీ పెట్టే రోజుల్లో మాయమైన చీమలు
చెర్రీలు పూసేసరికి తిరిగొచ్చాయి,
చుట్టాల్ని వెంటబెట్టుకుని.
రెండోది వేశారు. మూడోది వద్దన్నారు.
"అది అద్దిల్లే," అంటుంది అక్క, "సొంతిల్లు కాదు."

పిల్‌న్యో బుసాన్ వెళ్ళింది.
మణికట్టు మడతలో గోరంత గాటు,
అందులో గొట్టం, గొట్టం చివర కన్ను,
కన్ను పక్కనే కత్తి.
మూడు వారాల కూలి పోయింది.
అరచెయ్యి నేలకానించి లేవబోతే
ఇప్పటికీ మూలుగుతుంది.
మరి రాత్రుళ్ళో?
"రాత్రుళ్ళు నాకు చెయ్యుందన్న సంగతే గుర్తుండదు"
అంటూనే ఎడమచెయ్యి విదిలించింది.

మా పెద్దత్తకైతే అరచేతిలో నిలువునా తెల్లటి మచ్చ.
పాత కోత.
జాతకాలాయన దాన్నే ఆయుర్రేఖ అనుకుని
తొంభై ఏళ్ళిచ్చాడు.

డాక్టర్ ప్యో కుర్రవాడు.
మణికట్టుకి చల్లటి జెల్లీ పూసి, యంత్రం ఆనించి,
తెర నావైపు తిప్పాడు.
తొమ్మిది తాళ్ళు. వాటి సరసనే ఒక్క నరం.
పైన మూతలా బిగిసిన పట్టీ.
తలుపుసందులో నలిగిన వానపాములా ఉంది నా నరం.
"కోస్తారా?"
"కోస్తాం. కానీ తెరవం."

రెండు సూదిపోట్లట.
మణికట్టు దగ్గర దూరిన దారం
పట్టీ కిందుగా నడిచి, అరచేతిలో తేలి,
పట్టీ మీదుగా వెనక్కొస్తుందట.
కొసలు రెండూ పట్టుకుని అటూ ఇటూ లాగితే
పట్టీ తెగుతుంది. కుట్లుండవు.
"పాత పద్ధతులకున్నన్ని ఏళ్ళు దీనికి లేవు,"
అడక్కుండానే చెప్పాడు.

నా లెక్కలు నాకున్నాయి.
ఆల్చిప్ప తెరవడానికి బలం పనికిరాదు.
అంచు సందులో కత్తికొన దూర్చి,
కంటికి కనపడని కండను తడుముకుని
ఒక్క కోత.
మాంసం చెదిరిందా, ధర సగం.
ముప్ఫయ్యొక్క ఏళ్ళూ నేను చేసిందిదే,
తెర లేకుండా.

"ఎన్ని చేస్తావు బాబూ?"
"వారానికి రెండో మూడో అండీ."
నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
"చెదిరినవెన్ని?"
అతనికి అర్థం కాలేదు.
నర్సుకి అర్థమైంది, ఆమె ఈ రేవు పిల్లే.
ఆమె చెవిలో చెప్పాక
చాలాసేపు ఆగి అన్నాడు:
"ఇప్పటిదాకా లేవు.
ఇకముందు ఉండవని చెప్పలేను."

మంచి ఒలుపుకత్తెలు
కొత్తపిల్లలకు చెప్పే మాటే అది.

సీజను అయ్యాక వస్తానన్నాను.
వద్దు, ఈ నెలలోనే రమ్మన్నాడు.
బొటనవేలి మొదట్లో కండ కరుగుతోందట.
చూసుకున్నాను. నిజమే,
అక్కడొక చిన్న గుంట.

కాగితం మీద సంతకం పెట్టబోతే పెన్ను జారింది.
నర్సు వంగి తీసిచ్చింది.
చిటికెనవేలు ఊతంతో
ఇంటిపేరు దాకా రాశాను.